గాలిని గాలికొదిలేయకండి



సంక్రాంతికి రెండు రోజుల ముందు, తెల్లవారుజామున, హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే దారిలో ఏ పెట్రోలు బంకులోనైనా ఓ పావుగంట నిలబడి చూడండి. ఒకదాని వెనక ఒకటి కార్లు. వెనక సీట్లో ముగ్గురు కూర్చునే చోట నలుగురు, ఒళ్లో ఓ పసిపిల్ల. డిక్కీ మూత పడక, ఇద్దరు కలిసి అదిమి మూసిన సామాను. పెట్రోలు పోయించుకుని గాలి మిషను దగ్గరికి వస్తారు. అక్కడి కుర్రాడు పైపు లాక్కుంటూ వచ్చి అడుగుతాడు: "ఎంత పెట్టమంటారు సార్?"

స్టీరింగు ముందున్నాయన అద్దం సగం దించి చెబుతాడు: "అందరికీ ఎంత పెడుతున్నావో అంతే పెట్టు బాబూ!"

ఈ జవాబు గురించే ఈ పూట మీతో నాలుగు మాటలు మాట్లాడదామని వచ్చాను.

చెప్పుల షాపుకి వెళ్లి "అందరికీ ఏ సైజు ఇస్తున్నారో నాకూ అదే ఇవ్వండి" అనం. చొక్కా కుట్టించుకోవాలంటే టైలరు ముందు చేతులు చాపి నిలబడి కొలతలిస్తాం. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో ఇంటిల్లిపాదినీ మోసుకుపోయే టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకే కొలత అయిపోతుంది. పట్టించుకోని పనిని 'గాలికొదిలేశారు' అంటాం కదా, మనం గాలిని కూడా గాలికే వదిలేశాం.

ముందుగా ఓ చిన్న లెక్క. భయపడకండి, కాగితం కలం అక్కర్లేదు. ఓ పోస్టు కార్డు ఉంటే చాలు. రేడియో వినేవాళ్లకి పోస్టు కార్డు సంగతి నేను చెప్పాలా? 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. అంటే 126 చదరపు సెంటీమీటర్లు. ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఓ చిన్న కారు తీసుకుందాం. మనుషులతో, సామానుతో కలిపి 1,200 కిలోలనుకోండి. నాలుగు చక్రాలు పంచుకుంటే ఒక్కోదాని వాటా 300 కిలోలు. టైర్లో గాలి 33 పౌండ్లు. బంకులో '33 పెట్టు' అంటామే, ఆ 33కి అర్థం, ఒక్క చదరపు అంగుళం మీద 33 పౌండ్ల ఒత్తిడి అని. మన కొలతల్లోకి మారిస్తే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2.3 కిలోలు. ఒక్కో చదరపు సెంటీమీటరు రెండుంబావు కిలోలు మోస్తే, 300 కిలోలు మోయడానికి ఎంత జాగా కావాలి? ఉజ్జాయింపుగా 130 చదరపు సెంటీమీటర్లు. అంటే ఓ పోస్టు కార్డంత!

అంత బరువైన కారూ నేలని తాకుతున్నది నాలుగే నాలుగు పోస్టు కార్డుల మేర. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, వానలో జారకుండా నిలిచినా ఆ నాలుగు కార్డుల పుణ్యమే. ఆ కార్డు ఎంత ఉండాలో తేల్చేది లోపలున్న గాలి. గాలి తగ్గితే కార్డు సాగి, అంచుల మీద భారం పడుతుంది. గాలి ఎక్కువైతే కార్డు కుంచించుకుపోయి, టైరు నడుమ భాగం ఒక్కటే నేలకి ఆనుతుంది. అందుకే గాలి తక్కువతో తిరిగిన టైరు రెండు అంచులా అరుగుతుంది. ఎక్కువతో తిరిగింది నడి మధ్యలో అరుగుతుంది. మీ కారు ముందు వంగి కూర్చుని టైరు మీద అడ్డంగా అరచేత్తో ఓసారి నిమరండి. ఏడాదిగా మీరు గాలి సంగతి ఎలా చూశారో ఆ టైరే చెబుతుంది.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. నేను ముప్పయ్యేళ్లు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పినవాణ్ణి. బోర్డు మీద టైరు బొమ్మ గీసి, బాణం గుర్తులు వేసి మరీ చెప్పాను. అయినా నా కారు టైరు సంగతి నాకు తెలియజెప్పడానికి ఓ పంక్చర్ షాపు భాయి కావలసి వచ్చింది.

రెండేళ్ల కిందట, మే నెల. వెనక ఎడమ టైరు నాలుగు రోజులకోసారి మెత్తబడుతోంది. మా వీధి చివర వేపచెట్టు కింద ఆ షాపు. భాయి ముందుగా వాల్వు మూత తీసి, వేలు నాలుక మీద అద్దుకుని, ఆ తడిని వాల్వు మూతికి రాశాడు. బుడగ రాలేదు. అంటే అక్కడ లీకు లేదన్నమాట. చక్రం విప్పి నీళ్ల తొట్టిలో ముంచి మెల్లగా తిప్పాడు. ఒకచోట ఆవగింజల్లా బుడగలు. సన్నని మేకు. బయట నుంచి స్ట్రిప్ దోపకుండా లోపల ప్యాచ్ వేస్తానని టైరుని రిమ్ము నుంచి ఊడదీశాడు. లోపల చెయ్యి పెట్టి చుట్టూ తుడిచి, అరచెయ్యి నా ముందు చాపాడు. చేతినిండా నల్లటి పొడి. కచ్చాపచ్చాగా దంచిన మిరియాల్లా గరుగ్గా ఉంది.

"ఇదేందో తెలుసా సార్? మీ టైరే. లోపల్నుంచి రాలిపోతంది. గాలి తక్కువతోని నడిపితే ఇట్లనే అయితది."

"ఎండాకాలం కదా భాయ్, పగులుతుందేమోనని నాలుగు పాయింట్లు తగ్గించి నడుపుతున్నా."

ఆయన నవ్వాడు. "గట్లయితేనే పగులుతది సార్!"

తలెత్తుకోలేకపోయాను. ఆ నవ్వు వెనకున్న శాస్త్రం నేను ఏటా చెప్పిన పాఠమే. అయినా ఎవరో అన్న మాట పట్టుకుని ఎండాకాలం రాగానే గాలి తగ్గించేశాను. మీలోనూ చాలామంది ఈ పనే చేస్తుంటారు. కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

చిన్నప్పుడు ఇనపతీగని తెంచడానికి కటింగు ప్లేయరు లేకపోతే ఏం చేసేవాళ్లం? అటూ ఇటూ గబగబా వంచేవాళ్లం. తెగేముందు ఆ వంపు దగ్గర వేలు పెడితే చురుక్కుమనేది. నిప్పు లేదు, ఎండ లేదు. వంచడం వల్లే ఆ వేడి. టైరు పక్క గోడ పరిస్థితీ అదే. చక్రం తిరిగే ప్రతిసారీ కిందికొచ్చిన భాగం బరువుకి నలిగి, పైకి వెళుతూ మళ్లీ సాగుతుంది. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో చిన్న కారు చక్రం సెకనుకి దాదాపు పన్నెండు సార్లు తిరుగుతుంది. అంటే ఆ గోడ సెకనుకి పన్నెండు సార్లు వంగి లేస్తుంది. లోపల సరిపడా గాలి ఉంటే ఆ వంపు కొద్దిగానే ఉంటుంది. గాలి తగ్గితే వంపు పెరుగుతుంది. వంపుతో పాటు వేడీ పెరుగుతుంది. రబ్బరుకీ, లోపలి దారాలకీ, ఉక్కు తీగలకీ మధ్య పట్టు సడలుతుంది. ఆ నల్లపొడి దానికి మొదటి ఆనవాలు. చివరి ఆనవాలు హైవే మీద వినపడే ఢామ్మన్న చప్పుడు.

మంచి టైరు ఎండకి లోపలి గాలి నాలుగైదు పౌండ్లు పెరిగినంత మాత్రాన పగలదు. ఆ పెరుగుదలని లెక్కలో వేసుకునే తయారు చేస్తారు. లోలోపల నలిగి, గాయపడిన టైరు పగులుతుంది. రెంటచింతల ఎండలోనైనా, రామగుండం ఎండలోనైనా వేడికి జడిసి గాలి తగ్గించడమంటే, జ్వరం వచ్చిందని కుంపటి పక్కన పడుకోవడమే.

మరి గాలి ఎంత ఉండాలి? ఆ అంకె ఎక్కడ దొరుకుతుంది?

డ్రైవరు వైపు తలుపు తెరవండి. తలుపు వేసినప్పుడు లోపల దాక్కునే ఇనప స్తంభం ఒకటుంటుంది కదా, చాలా కార్లలో దాని కింది భాగంలో ఓ స్టిక్కరు ఉంటుంది. కొన్నింటిలో తలుపు అంచున, మరికొన్నింటిలో పెట్రోలు పోసేచోట మూత లోపల. కారు కొన్న రోజు నుంచి అది మీ కాళ్ల పక్కనే ఉంది. దాని మీద టైరు సైజు, ముందు చక్రాలకి ఎంత, వెనక చక్రాలకి ఎంత అని రాసి ఉంటుంది. చాలా కార్లకి రెండు వరసలుంటాయి. ఇద్దరు ముగ్గురు ప్రయాణిస్తే ఒక అంకె, నిండుగా మనుషులూ సామానూ ఉంటే ఇంకో అంకె. ఒకే అంకెని మూడు కొలతల్లో రాస్తే కంగారు పడకండి. 33 పౌండ్లన్నా, 2.3 బార్ అన్నా, 230 కిలోపాస్కల్ అన్నా ఇంచుమించు ఒక్కటే.

అది కారు తయారుచేసినవాళ్లు తేల్చిన అంకె. ఇంజను బరువు ముందు ఎంత పడుతుంది, వెనక ఎంత పడుతుంది, మలుపులో కారు ఎటు ఒరుగుతుంది, గతుకు ఎంత తెలియాలి, బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగాలి అన్నవన్నీ చూసి పెట్టిన రాజీ అంకె. అందుకే ఒకే సైజు టైరు రెండు వేర్వేరు కార్లకి వేసినా అంకెలు వేరుగా ఉండొచ్చు. మీ బావమరిది కారుకి 30 సరిపోయిందని మీ కారుకి సరిపోవాలని లేదు. బ్యాటరీ బరువు మోసే కరెంటు కార్లకి ఈ అంకె సాధారణంగా ఇంకాస్త ఎక్కువగానే ఉంటుంది.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. టైరు పక్క గోడ మీద కూడా ఓ అంకె అచ్చొత్తి ఉంటుంది. 44 అనో, 51 అనో. కొందరు దాన్ని చూసి అంత పట్టించేస్తారు. అది ఆ టైరు ఓర్చుకోగల హద్దు. లిఫ్టులో 'ఎనిమిది మంది' అని రాసి ఉంటే, ఎనిమిది మంది పోగయ్యేదాకా లిఫ్టు కదలకూడదని కాదు కదా! ఆ అంకె దాకా పట్టించిన కారు గతుకుల్లో గంతులేస్తుంది, తడిరోడ్డు మీద పట్టు తప్పుతుంది, గుంటలో పడితే టైరుకీ రిమ్ముకీ దెబ్బ గట్టిగా తగులుతుంది.

అంకె దొరికింది. ఇక ఎప్పుడు కొలవాలి?

స్టిక్కరు మీది అంకె చల్లగా ఉన్న టైరుది. చల్లగా అంటే మంచు పెట్టినంత కాదు, నడవకుండా ఉన్నప్పుడని. కారు కనీసం మూడు గంటలు నీడన నిలిచి ఉండాలి. లేదా ఒకటి, ఒకటిన్నర కిలోమీటర్లకి మించి నడిచి ఉండకూడదు. అన్నిటికన్నా మంచి వేళ తెల్లవారుజాము. హైవే మీద గంట నడిచాక కొలిస్తే నాలుగైదు పౌండ్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి 'అమ్మో, ఎక్కువైంది' అని తీసేయించారనుకోండి, రేపు పొద్దున చల్లబడేసరికి మీ టైర్లు ఆకలితో ఉంటాయి. వేడి టైరు నుంచి గాలి ఎప్పుడూ తీయించకండి.

ఉష్ణోగ్రత పది డిగ్రీలు మారితే టైర్లో గాలి సుమారు ఒకటిన్నర పౌండ్లు మారుతుంది. మే నెలలో విజయవాడలో 42 డిగ్రీల ఎండలో 33 పెట్టించి, మళ్లీ ఆ ఊసే ఎత్తని వ్యక్తిని ఊహించుకోండి. డిసెంబరు తెల్లవారుజాముకి 17 డిగ్రీలు. తేడా 25. ఒక్క చలికే నాలుగు పౌండ్లు పోయాయి. దీనికి తోడు, పంక్చరు లేకపోయినా రబ్బరులోంచి నెలకి ఒక పౌండు మేర గాలి జారిపోతూనే ఉంటుంది. ఏడు నెలలకి ఏడు. మొత్తం 11. ముప్ఫయ్యి మూడు కాస్తా ఇరవై రెండు! ఆ టైర్లతోనే మనం సంక్రాంతికి బయలుదేరతాం, ఆరుగుర్ని ఎక్కించుకుని.

"తెల్లవారుజామున కొలవమంటారు, బంకేమో మా ఇంటికి మూడు కిలోమీటర్లు, వెళ్లేసరికి టైర్లు వేడెక్కుతాయి కదా" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కొన్ని వందల రూపాయల్లో చేతిలో ఇమిడే గేజి దొరుకుతుంది. ఇంటి దగ్గరే కొలుచుకోండి. ఉండవలసింది 33, ఉన్నది 29 అనుకుందాం. తక్కువైంది నాలుగు. బంకుకి వెళ్లేసరికి అదే టైరు 31 చూపిస్తుంది. అప్పుడు 33 చెయ్యమనకండి. తక్కువైన నాలుగూ కలిపి 35 చెయ్యమనండి. చల్లబడ్డాక సరిగ్గా 33కి వచ్చి కూర్చుంటుంది. నెలకోసారి, దూరప్రయాణానికి ముందు ఓసారి. అయిదు నిమిషాల పని.

గాలి తక్కువైతే ఏమవుతుందో లోకానికి తెలియజెప్పిన కథ ఒకటి అమెరికాలో జరిగింది. 1990లలో అక్కడ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే పెద్ద కారుకి ఫైర్‌స్టోన్ టైర్లు వచ్చేవి. పరుగులో ఉండగానే టైరు పై పొర ఊడిపోవడం, కారు పల్టీలు కొట్టడం మొదలైంది. టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా లాంటి ఎండ రాష్ట్రాల్లో మరీ ఎక్కువ. 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లని వెనక్కి పిలిచారు. ఆ ప్రమాదాల్లో 270 మందికి పైగా చనిపోయారు. టైర్లలోనే లోపముందని అక్కడి రహదారి భద్రతా సంస్థ తేల్చింది. ఇందులో గాలి పాత్ర కూడా చర్చకొచ్చింది. కారు కంపెనీ సూచించిన గాలి 26 పౌండ్లు. టైరు కంపెనీ 30 ఉండాలంది. అసలే లోపమున్న టైరు, అందులో 26తో మొదలు, నెలల తరబడి చూడకపోతే ఇంకా తక్కువ, పైన ఎండ, బరువు, వేగం. అన్నీ కలిసి వచ్చాయి. ఆ ఏడాదే అమెరికా కొత్త చట్టం చేసింది. దాని ఫలితంగా 2007 సెప్టెంబరు నుంచి అక్కడ ప్రతి కొత్త కారులోనూ గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి అయింది.

ఆ హెచ్చరిక దీపమే ఇప్పుడు మన కార్లలోకీ వస్తోంది. గుర్రపు లాడం ఆకారం, మధ్యలో ఓ ఆశ్చర్యార్థకం. చికాగోలోనో, న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల్ని అడగండి, చలికాలం మొదటి గట్టి చలిరోజు పొద్దున్నే కారు తీయగానే ఆ పసుపు లాడం పలకరిస్తుంది. గాలి ఎవరూ తీయలేదు, చలికి కుంచించుకుపోయిందంతే. అయితే ఆ దీపాన్నే నమ్ముకుని కూర్చోకండి. అమెరికా నిబంధన ప్రకారం అది వెలగవలసింది గాలి నాలుగో వంతు పడిపోయాక. 33 ఉండవలసిన టైరు 25కి దిగేదాకా దీపం ఊరుకోవచ్చు. 

మన దేశంలోనూ 2020 అక్టోబరు నుంచి, ఈ హెచ్చరిక ఏర్పాటూ, టైరు బాగుచేసుకునే కిట్టూ ఉన్న కారుకి స్టెప్నీ అక్కర్లేదన్న నిబంధన వచ్చింది. స్టెప్నీ అంటే జ్ఞాపకం వచ్చింది. ఈ మాట మనకి వేల్స్ దేశంలోని లనెల్లి అనే ఊళ్లో ఒక వీధి పేరు నుంచి వచ్చింది. 1900ల మొదట్లో స్టెప్నీ వీధిలో ఇద్దరు అన్నదమ్ములు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరు మన పంక్చర్ షాపుల్లో ఇవాళ్టికీ పలుకుతోంది. మీ కారులో స్టెప్నీ ఉంటే దానికీ గాలి చూడండి. అవసరమైన రాత్రి అదే చప్పబడి ఉంటే అంతకన్నా దిక్కులేనితనం లేదు. సన్నగా, చిన్నగా ఉండే స్టెప్నీ అయితే దాని అంకె వేరు. కొన్నింటికి 60 పౌండ్ల దాకా ఉంటుంది. దాని మీదే రాసి ఉంటుంది, చదవండి.

నైట్రోజన్ గురించి ఒక్కమాట. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. వట్టి నైట్రోజన్ పట్టిస్తే తేమ ఉండదు, కాస్త నిదానంగా తగ్గుతుంది. అంతవరకూ నిజమే. కానీ ఎండకి పెరగదన్న మాట నమ్మకండి, అది కూడా మామూలు గాలిలాగే పెరుగుతుంది. నైట్రోజన్‌కి గుర్తుగా పచ్చ మూతలు పెట్టించుకున్నాం కదా అని నెలలు నెలలు మరిచిపోతే, ఆ డబ్బు పెట్టి మరపుని కొనుక్కున్నట్టే. పెట్రోలు బంకుల్లో మామూలు గాలి ఉచితం. అదే నెలనెలా చూసుకుంటే చాలు.

పెట్రోలు కూడా ఆదా అవుతుందంటారు. అవుతుంది, కానీ కొండంత కాదు. నాలుగు టైర్లలోనూ ఒక్కో పౌండు తగ్గితే ఖర్చు అర శాతం కూడా పెరగదు. అందుకని డబ్బు ఆశ చూపించి మీకీ మాట చెప్పడం లేదు. ఆ నాలుగు పోస్టు కార్డుల మీద కూర్చున్నది మీ వాళ్లు.

కారు లేని శ్రోతలకీ ఈ లెక్క వర్తిస్తుంది. చాలా బైకులకి చెయిన్ కవరు దగ్గర ఇలాంటి స్టిక్కరే ఉంటుంది. ఒక్కరు ఎక్కితే ఎంత, ఇద్దరెక్కితే ఎంత అని.

మళ్లీ మన బంకుకి వద్దాం. ఈసారి పండక్కి బయలుదేరేముందు తలుపు తెరిచి ఆ స్టిక్కరు చదవండి. కుర్రాడు పైపు లాక్కుంటూ వచ్చి "ఎంత పెట్టమంటారు సార్?" అని అడుగుతాడు. అద్దం సగం దించి చెప్పడం కాదు, కిందికి దిగండి. "సామానుంది బాబూ, ముందు ఇంత, వెనక ఇంత" అని మీ కారు అంకె చెప్పండి. రోజంతా 'అందరికీ ఎంతో అంతే' అని విన్న ఆ కుర్రాడు ఓసారి తలెత్తి మీ వంక చూస్తాడు. గాలి పట్టాక, తీసిన వాల్వు మూతలు నాలుగూ తిరిగి బిగించాడో లేదో చూసుకుని మరీ కారెక్కండి. హడావిడిలో ఒకటి అతని చొక్కా జేబులో ఉండిపోతుంటుంది.